తొట్టిలో పసివాడు ఎంత పసివాడు?

క్రిస్మస్ పాకలో పెట్టే బొమ్మల సెట్టును ఒకసారి టేపుతో కొలిస్తే విచిత్రం బయటపడుతుంది. నిలబడ్డ యోసేపు అడుగు ఎత్తుంటే, తొట్టిలో పడుకున్న బాల యేసు చాలా సెట్లలో ఆరేడు అంగుళాలుంటాడు. యోసేపును ఐదడుగుల ఐదంగుళాల మనిషి అనుకుందాం. ఆ లెక్కన ఏడంగుళాల బొమ్మ మూడేళ్ల పిల్లాడి పొడవు తేలుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, పెద్దవాళ్ల ఎత్తులో మూడో వంతుకు కూడా రాదు. అంటే అడుగు యోసేపు పక్కన ఉండాల్సింది మూడున్నర అంగుళాల బొమ్మ. తేడా పొడవుతో ఆగదు. బొమ్మ కళ్లు తెరిచి ఎదుటివాళ్లను చూస్తుంటుంది. మెడ నిలబడి ఉంటుంది. చేతులు రెండూ చాచి దీవిస్తున్నట్టుంటాయి. లూకా సువార్త 2వ అధ్యాయంలోని బిడ్డకు చేతులు చాచే వీలే లేదు, పొత్తిగుడ్డలతో చుట్టేశారు.

ఇందులో బొమ్మలు చేసేవాళ్ల తప్పేమీ లేదు. కొనేవాళ్ల మనసులో ఉన్న యేసునే వాళ్లు అచ్చుపోస్తున్నారు. పుట్టిన గంటకే అన్నీ తెలిసిన, ఎవరి సాయమూ అక్కర్లేని, పసివాడి వేషం వేసుకున్న పెద్దవాడాయన. ‘దేవుడు మనిషిగా పుట్టాడు’ అంటే సంఘమంతా ఆమెన్ అంటుంది. ‘మనిషిగా పెరిగాడు, ఒకరి దగ్గర నేర్చుకున్నాడు, తెలియనివి ఆయనకూ ఉండేవి’ అంటే సగంమంది ముఖం చిట్లిస్తారు. విశాఖలో పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌ల సందడి మొదలైన దగ్గర్నుంచి పండగ రాత్రి ఆరాధన దాకా యేసు దైవత్వం గురించి చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఆ తొందరలో మనిషితనం ఎక్కడెక్కడ జారిపోతుందో వేలుపెట్టి చూపించొచ్చు. బొమ్మలో, నాటికలో, ప్రసంగంలో, సండే స్కూలు పిల్లలకిచ్చే జవాబులో.

మొదటి రోజు

విశాఖ ఘోషాస్పత్రి పురుటి వార్డులో పనిచేసే ఏ నర్సునడిగినా పుట్టిన బిడ్డ సంగతి చెబుతుంది. మొదటిరోజు కడుపులో పట్టేది ఐదు నుంచి ఏడు మిల్లీలీటర్లు, అంటే చెంచాడు ముర్రుపాలు. అందుకే రెండు మూడు గంటలకోసారి పట్టాలి, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. మొదటి కొద్ది రోజుల్లో బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టినప్పటి బరువులో పదో వంతు దాకా తగ్గినా కంగారుపడరు, రెండు వారాల్లో మళ్లీ పుంజుకుంటుంది. చూపు ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే. రొమ్ము దగ్గరున్న బిడ్డకు తల్లి ముఖం సరిగ్గా అంత దూరంలో ఉంటుంది. నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది, పూడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మెడ నిలవడానికి మూడు నెలలు. చలేస్తే పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోవడం బిడ్డకు చేతకాదు. ఒళ్లు తుడిచి, తల కప్పి, తల్లి ఒంటికి ఆనించకపోతే వేడి గబగబా జారిపోతుంది. ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకుండా చూసుకోవాలి.

‘ఆ వాక్యము శరీరధారియై’ అని యోహాను రాసినదాంట్లో ఇవన్నీ ఉన్నాయి. అక్కడ వాక్యమంటే యేసే. పాలు పడకపోతే ఆ బిడ్డకూ ఆకలే. ఎత్తుకున్నప్పుడు మెడ కింద ఎవరో ఒకరు చెయ్యి పెట్టాల్సిందే. ఆ చెయ్యి పెట్టినావిడకు తొలిచూలు, కన్నవాళ్ల ఊరికి దూరంగా ఉంది.

పుట్టిన బిడ్డకు ఆ దేశంలో ఏమేం చేసేవారో యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయం నాలుగో వచనం వరసగా చెబుతుంది. బొడ్డుతాడు కోస్తారు, నీళ్లతో కడుగుతారు, ఒంటికి ఉప్పు రాస్తారు, గుడ్డ చుడతారు. అక్కడ యెరూషలేమును ఇవేవీ జరగని దిక్కులేని బిడ్డగా చెప్పారు. అంటే ఇవన్నీ జరిగిన బిడ్డకు తనవాళ్లున్నారన్నమాట. బేత్లెహేములో ఉప్పు రాశారో లేదో లూకా చెప్పలేదు. గుడ్డ చుట్టడం మాత్రం చెప్పాడు, అదీ రెండుసార్లు. ఏడో వచనంలో జరిగినదిగా, పన్నెండో వచనంలో గొల్లవాళ్లకు దేవదూత ఇచ్చిన ఆనవాలుగా. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు దొరికే గుర్తు వెలుగు కాదు, తలచుట్టూ చక్రం కాదు. మామూలు బిడ్డలకు చుట్టినట్టే చుట్టిన గుడ్డ. ఉండకూడని చోట ఉన్నది తొట్టి ఒక్కటే.

ఆ తొట్టి పాకలోనే ఉందని కూడా లూకా అనలేదు. బేత్లెహేము ఉన్న యూదయ కొండప్రాంతపు ఇళ్లలో రాత్రిపూట పశువులను ఇంటి దిగువ భాగంలోకే తోలేవారు, మనుషులు పక్కనే ఎత్తుగా ఉన్న గట్టు మీద పడుకునేవారు. మేత వేసే తొట్టిని రాతితో తొలిచేవారు, లేదా మట్టితో కట్టేవారు. పశువుల సాల ఇంటిని ఆనుకుని ఉన్న ఉత్తరాంధ్ర పల్లెటిళ్లు ఎరిగినవారికి ఈ ఏర్పాటు అంత కొత్తగా ఉండదు. ఎద్దు, గాడిద లూకాలో లేవు. అవి యెషయా 1వ అధ్యాయం మూడో వచనం నుంచి వచ్చి తొట్టి పక్కన చేరాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ జీవమున్న పశువులతో ఏర్పాటు చేసిన దృశ్యం వల్ల ఈ ఆచారం బాగా వ్యాపించింది. వాటిని తీసేయమని పట్టుబట్టక్కర్లేదు, అదనంగా చేర్చినవాటితో పెద్ద నష్టమేమీ లేదు.

తేదీ సంగతి కూడా రెండు మాటల్లో తేలిపోతుంది. డిసెంబరు 25ను యేసు పుట్టినరోజుగా చెప్పే పాత ఆధారం రోములో 336 నాటిది. సువార్తల్లో తేదీ లేదు. యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు మరణాన్ని ఎక్కువమంది చరిత్రకారులు క్రీస్తుపూర్వం 4గా లెక్కిస్తారు, కాబట్టి పుట్టుక అంతకు ముందే. చలికాలమో ఎండాకాలమో తేల్చలేం. ఒకటి మాత్రం చెప్పొచ్చు. బేత్లెహేము సముద్రమట్టానికి దాదాపు 775 మీటర్ల ఎత్తున ఉంది, అరకు లోయ కంటే కాస్త తక్కువ. బీచ్ రోడ్డులో డిసెంబరు రాత్రి పల్చటి చొక్కాతో తిరిగేవాళ్లు పొత్తిగుడ్డల అవసరాన్ని ఊహించుకోవాలంటే అరకు రాత్రిని గుర్తుచేసుకోవాలి.

నాటికలో యాస ఎవరికిచ్చారు?

రోమన్ కాథలిక్ గుళ్లలో పాక కడతారు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువచోట్ల పాక ఉండదు గానీ నాటిక ఉంటుంది. మనిషితనం జారిపోయే రెండో చోటు ఈ నాటికే.

విశాఖ క్రైస్తవులకు లూకా సువార్తతో ప్రత్యేకమైన బంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ సువార్తలను తెలుగు చేసే పని ఇక్కడే పెట్టుకున్నారు. క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లకు సాయపడ్డాడు. 1810 కల్లా ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. వాళ్లు సిద్ధంచేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తర్వాత అనువాదాలు మారాయి, సవరణలు జరిగాయి. ఎక్కువమంది చదువుకునే బైబిలు భాష మాత్రం ‘చుట్టి, పరుండబెట్టెను’ దగ్గరే ఉంది. ఆరాధనలో ఆ భాషకున్న గౌరవం దానికుంది. చిక్కల్లా అది వేదిక మీదికి ఎక్కినప్పుడు వస్తుంది.

చాలా నాటికల్లో మరియ, యోసేపు పుస్తక భాష మాట్లాడతారు. గొల్లవాళ్లు, సత్రం యజమాని ఉత్తరాంధ్ర యాస మాట్లాడతారు, జనం నవ్వడానికి. సువార్తల్లో ఉన్నది ఇందుకు పూర్తిగా తలకిందులు. యేసు కుటుంబానిది గలిలయలోని నజరేతు, కొద్ది వందలమంది ఉండే పల్లె. గలిలయవాళ్ల యాస యెరూషలేములో ఇట్టే దొరికిపోయేది. మత్తయి 26వ అధ్యాయం 73వ వచనంలో శిష్యుడు పేతురు మాట తీరును బట్టే పక్కనున్నవాళ్లు పట్టేశారు. పేతురుతో కలిసి తిరిగిన నజరేతు మనిషి యాస మరో రకంగా ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. రాజధానిలో నవ్వులపాలయ్యే యాస యేసుదే. కాబట్టి నాటిక రాసేవాళ్లు యాసను మరియకిచ్చి చూడాలి. ‘ఇంకెంత దూరవుందేటి? కాళ్లు పీకేస్తన్నాయి’ అని ఆమె అడిగితే మొదట రెండు నవ్వులు వినబడతాయి. రెండో సన్నివేశం నాటికి జనానికి ఆమె తమ వీధి మనిషే అవుతుంది.

ఆ ప్రయాణాన్ని కూడా సరిచూసుకోవాలి. నజరేతు నుంచి బేత్లెహేముకు ఎంచుకున్న దారిని బట్టి 120 నుంచి 150 కిలోమీటర్లు. విశాఖ నుంచి శ్రీకాకుళం దాటేంత దూరం. రోజుకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు నడిచినా నాలుగైదు రోజులు, గర్భిణితో అయితే ఇంకా ఎక్కువ. గాడిద ఎక్కిందని ఎక్కడా లేదు. ఊళ్లోకి అడుగుపెట్టిన రాత్రే నొప్పులొచ్చాయనీ, ఇంటింటి తలుపూ తట్టారనీ లేదు. ‘వారక్కడ ఉన్నప్పుడు’ దినాలు నిండాయని లూకా 2వ అధ్యాయం ఆరో వచనం చెబుతుంది. తలుపులు మూసే సత్రం యజమాని పూర్తిగా కల్పిత పాత్ర. నాటికకు అతను చేసే మేలు తక్కువ, తినే సమయం ఎక్కువ. పదిహేను నిమిషాల నాటికలో అతనికిచ్చే ఐదు నిమిషాలను పురుటింటి పనికి ఇస్తే బాగుంటుంది. నీళ్లు కాచడం, గుడ్డలు చింపడం, తొట్టిలో మిగిలిన మేత ఎత్తేసి కొత్త గడ్డి పరవడం.

ఇక ఏడుపు. ఎన్ని నాటికలు చూసినా బాల యేసు ఏడవడు. మరియ పురిటినొప్పుల విషయంలో సంఘాల మధ్య ఎప్పటినుంచో భేదాభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ. బిడ్డ ఏడుపు విషయంలో ఆ భేదాలకు చోటు లేదు. పుట్టగానే ఏడవని బిడ్డను చూస్తే మంత్రసానికైనా డాక్టరుకైనా గుండె గుభేలుమంటుంది. ఫోన్లో రికార్డు చేసిన పసివాడి ఏడుపు పది సెకన్లు స్పీకర్లో వినిపిస్తే, అరగంట ప్రసంగం చేయలేని పని అది చేస్తుంది.

పాత తగాదా, కొత్త ప్రసంగాలు

యేసు మనిషిగా కనిపించాడే తప్ప నిజంగా మనిషి కాదనే వాదం కొత్త నిబంధన నాటికే ఉంది. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవుని సంబంధమైనది కాదని యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం తెగేసి చెబుతుంది. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషపు ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాసిన ఉత్తరం కూడా ఇలాంటివాళ్ల గురించే. ఈ వాదానికి డోసెటిజం అనే పేరొచ్చింది. పైన చెప్పిన ఏడవని పసివాడు దీనికి మనవాళ్లిచ్చిన రూపం.

నాలుగో శతాబ్దంలో లవొదికయ బిషపు అపొల్లినారియస్ కాస్త తెలివైన దారి పట్టాడు. దేహం నిజమైనదే, కానీ మనిషికుండే మనసు స్థానంలో దైవవాక్కు ఉందన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన బిషపుల సభ దీన్ని తోసిపుచ్చింది. ఆయన తనలోకి తీసుకోనిది ఏదైనా బాగుపడకుండానే మిగిలిపోతుందని నాజియాంజస్ గ్రెగొరీ ఇచ్చిన జవాబు. మనిషికి పాడైనది దేహం ఒక్కటే కాదు గదా, మనసు కూడా. మనిషి మనసు లేని రక్షకుడు మనసును ఎలా బాగుచేస్తాడు? నేటి సంఘాల్లో అందరికంటే ఎక్కువమంది అనుచరులు, తమకే తెలియకుండా, ఈ అపొల్లినారియస్‌కే ఉన్నారు. కళ్లు తెరిచి చూస్తున్న ప్లాస్టర్ బొమ్మ ఆ సిద్ధాంతానికి అచ్చమైన విగ్రహం.

ఐదో శతాబ్దపు తగాదాలు రెండు. యేసులోని దేవుణ్ణీ మనిషినీ ఇద్దరు వ్యక్తులన్నట్టు విడదీస్తున్నాడని కాన్‌స్టాంటినోపుల్ బిషపు నెస్టోరియస్‌ను 431లో ఎఫెసు సభ ఖండించింది. రెండు స్వభావాలూ కలిశాక మనిషి స్వభావం సముద్రంలో పడ్డ చుక్కలా కరిగిపోయిందన్న ధోరణి యూటికస్ అనే సన్యాసి పేరున నిలిచింది, దాన్ని 451లో కాల్సిడన్ సభ కాదంది. ఆ సభ చేసిన పని చిత్రంగా ఉంటుంది. దైవత్వం, మనిషితనం ఒకే వ్యక్తిలో ఎలా కలిశాయో వివరించలేదు. ఎలా కలవలేదో నాలుగు మాటల్లో చెప్పి ఊరుకుంది. ఒకదానిలో ఒకటి కలగాపులగం కాలేదు, ఒకటి మరొకటిగా మారలేదు, రెండుగా చీలలేదు, విడిపోలేదు. కేరళలోని యాకోబైట్, మలంకర ఆర్థొడాక్స్ సంఘాలు ఈ సభను ఒప్పుకోవు, అయినా యేసు సంపూర్ణ మానవుడన్న మాటలో వాళ్లకూ సందేహం లేదు. చివరగా 680–681లో మరో సభ యేసుకు దైవ చిత్తంతోపాటు మనిషి చిత్తం కూడా ఉందని తేల్చింది. లేకపోతే సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో చేసిన ‘నా యిష్టము కాదు’ అన్న ప్రార్థన వట్టి నటన అయిపోతుంది.

ప్రసంగం రాసుకునేవారికి ఈ చరిత్ర తప్పులు పట్టుకునే జల్లెడగా పనికొస్తుంది. అన్నిటికంటే తరచుగా దొరికే వాక్యం ఇది: ‘ఆకలేసింది మనిషియైన యేసుకు, రొట్టెలు పంచింది దేవుడైన యేసు.’ వినసొంపుగానే ఉంటుంది, కానీ ఇద్దరు యేసులు తయారవుతారు. మార్కు 4వ అధ్యాయంలో దోనె అమరంలో తలగడ మీద నిద్రపోయినవాడూ, లేచి గాలిని గద్దించినవాడూ ఒక్కరే. గలిలయ సరస్సు ఒడ్డున 1986లో బయటపడ్డ ఆ కాలపు పడవ పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. అంతటి పడవలో నీళ్లు చిమ్ముతుంటే అమరంలో నిద్రపట్టాలంటే ఒళ్లు ఎంత అలిసిపోయి ఉండాలో జాలరిపేట మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రసంగంలో నిద్రను దాటేసి తుపానుకు పరుగెత్తకూడదు. నిద్ర దగ్గర రెండు నిమిషాలు ఆగాలి.

నేర్చుకున్నాడా, ముందే తెలుసా?

సండే స్కూల్లో టీచర్లను ఇరుకున పెట్టే ప్రశ్నలన్నీ ఇక్కడే. చిన్నప్పుడు యేసుకు జ్వరం వచ్చేదా? లెక్క తప్పితే దెబ్బలు తినేవాడా? అమ్మ చెప్పకముందే అన్నీ తెలుసా? ‘అలా అడక్కూడదు’ అన్న జవాబు పిల్లవాడి నోరు మూయిస్తుంది గానీ, డోసెటిజం నేర్పిస్తుంది.

లేఖనం సూటిగా చెప్పినవాటితో మొదలుపెట్టాలి. యేసు జ్ఞానంలోనూ వయసులోనూ వర్ధిల్లాడని లూకా 2వ అధ్యాయం 52వ వచనం. జ్ఞానం పెరిగిందంటే మొదట తక్కువ ఉందనే కదా అర్థం. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ ప్రశ్నలు అడిగాడు. చాలా ప్రసంగాల్లో ఇది ఆయన పాఠం చెప్పిన సన్నివేశంగా మారిపోతుంది. లూకా మొదట పెట్టింది వినడం. పెద్దయ్యాక కూడా ‘నా వస్త్రములు ముట్టినదెవరు’ అని చుట్టూ చూశాడు (మార్కు 5), సొంతూరివాళ్ల అవిశ్వాసానికి ఆశ్చర్యపడ్డాడు (మార్కు 6), తన రాకడ దినం గురించి కుమారునికీ, అంటే తనకూ, తెలియదన్నాడు (మార్కు 13). శ్రమల వల్ల విధేయత నేర్చుకున్నాడని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం. ‘తెలిసినా తెలియనట్టు అన్నాడు’ అని సర్దేస్తే యేసు నోట అబద్ధం పెట్టినట్టవుతుంది. దైవత్వాన్ని కాపాడబోయి నిజాయతీని పోగొట్టడం మంచి బేరం కాదు.

లేఖనం చెప్పకపోయినా మనిషి అయినందువల్ల ఉండాల్సినవి మరికొన్ని. పళ్లు వచ్చినప్పుడు చిగుళ్లు నొప్పి, పడితే మోకాలు చెక్కుకోవడం, అరమాయికులో మాటలు తడబడుతూ రావడం. జ్వరం కూడా ఈ కోవలోదే. వచ్చిందని రాసి లేదు, రాకూడదనడానికీ ఆధారం లేదు. చివరికి లేఖనం కాదన్నది ఒక్కటే ఉంది, పాపం. హెబ్రీ 4వ అధ్యాయం 15వ వచనం గీసిన గీత అది. చెక్క కొయ్యడం నేర్చుకునే కుర్రాడు మొదటి కోత వంకరగా కోస్తే అది పాపం కాదు. పొరపాటుకూ పాపానికీ తేడా చెబితే పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది, పైగా పరీక్షలో మార్కులు తగ్గడం పాపమనుకునే భయం కాస్త తగ్గుతుంది.

బాల యేసు మట్టితో పిచ్చుకలు చేసి ఎగరేశాడనీ, తనను ఢీకొట్టిన పిల్లవాణ్ణి మాటతో చంపాడనీ చెప్పే కథలు రెండో శతాబ్దంలో పుట్టాయి. తోమా పేరుతో చలామణి అయిన ఒక బాల్యకథల పుస్తకంలో అవి ఉన్నాయి. సంఘం దాన్ని బైబిల్లో చేర్చుకోలేదు. ఎందుకో మార్కు 6వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. యేసు బోధించడం మొదలుపెట్టినప్పుడు నజరేతువాళ్లు ‘ఇతడు వడ్లవాడు కాడా?’ అని విస్తుపోయారు. చిన్నప్పుడు వీధిలో మట్టిపిచ్చుకలు ఎగిరి ఉంటే ఆ ఊరికి ఆశ్చర్యమెందుకు? మొదటి సూచకక్రియ, అంటే అద్భుతం, కానా పెళ్లిలో జరిగిందని యోహాను 2వ అధ్యాయం, బోధ మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు ముప్ఫై ఏళ్లని లూకా 3వ అధ్యాయం. అంటే ఆయన జీవితంలో చాలాభాగం ఊళ్లో ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోనంత మామూలుగా గడిచింది. క్రిస్మస్ నుంచి ఒక్క గంతులో మంచి శుక్రవారానికి (గుడ్ ఫ్రైడే) వెళ్లిపోయే పాటల్లో ఈ ముప్ఫై ఏళ్లకు చోటే దొరకదు.

పాక కట్టేటప్పుడు

కొన్న సెట్టులో పసివాడి బొమ్మ ఒక్కటి మార్చితే చాలు. బంకమట్టితో తొమ్మిది సెంటీమీటర్ల బొమ్మ ఎవరైనా చేయగలరు. తల మొత్తం పొడవులో నాలుగో వంతు, అంటే రెండు సెంటీమీటర్లకు కొంచెం పైన ఉండాలి. పెద్దవాళ్ల తల ఏడెనిమిదో వంతే ఉంటుంది, అదే కొలతతో పసివాణ్ణి చేయడం వల్లే బొమ్మలు పొట్టి పెద్దమనుషుల్లా కనిపిస్తాయి. కళ్లు మూసినట్టు రెండు గీతలు చాలు. చేతులు చేయక్కర్లేదు. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పగుళ్లిస్తుంది, నీడలో ఆరనివ్వాలి. సముద్రపు తేమకు విశాఖలో వారం పడుతుంది, కాబట్టి డిసెంబరు 15 నాటికే చేసి పెట్టుకోవాలి. ఆరాక రెండు సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న కోర గుడ్డ పట్టీని భుజాల నుంచి పాదాల దాకా, ప్రతి చుట్టూ కింది చుట్టు మీదికి సగం ఎక్కేలా చుట్టాలి. మందుల షాపులో దొరికే పల్చటి నూలు గుడ్డ (గాజ్) బ్యాండేజీ కూడా సరిపోతుంది. తొట్టి లోపలి పొడవు 12 సెంటీమీటర్లుంటే బొమ్మ చుట్టూ గడ్డి కనిపిస్తుంది.

గడ్డి దగ్గరే అసలు ప్రమాదం. ఎండుగడ్డి, తాటాకు, మంచులా పరిచే దూది, వాటి మీదుగా సీరియల్ లైట్లు. దూదిని మానేయడం మేలు, అది గడ్డికంటే త్వరగా అంటుకుంటుంది, దృశ్యానికి దాని అవసరమూ లేదు. నిప్పు ఎక్కువగా రేగేది బల్బు దగ్గర కాదు, వైరు అతుకుల దగ్గర, వదులు ప్లగ్గుల దగ్గర. అతుకులన్నీ పాక బయటికి వచ్చేలా వైరు లాగాలి, ఎల్‌ఈడీ దండలే వాడాలి, రాత్రి అందరూ వెళ్లాక స్విచ్చి కట్టేయాలి. కొవ్వొత్తి పాక లోపల పెట్టకూడదు. పక్కన ఇసుక బకెట్టు ఒకటి ఉండాలి. గడ్డి తెచ్చాక రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి, లేకపోతే పది రోజుల్లో బూజుపట్టి వాసనొస్తుంది.

బొమ్మలన్నిటినీ ఒకే రోజు పెట్టేయకూడదు. పసివాణ్ణి 24 రాత్రి పెట్టాలి, అప్పటిదాకా తొట్టి ఖాళీ. బిడ్డను చూడటానికి తూర్పు జ్ఞానులు వచ్చింది ‘ఇంటిలోనికి’ అని మత్తయి 2వ అధ్యాయం చెబుతుంది. ఎంతమందో చెప్పలేదు, ముగ్గురన్నది కానుకల లెక్కను బట్టి వచ్చింది. వాళ్లు చెప్పిన కాలాన్ని బట్టి హేరోదు రెండేళ్లు, అంతకు లోపు మగపిల్లలను చంపించాడంటే వాళ్లు వచ్చేసరికి నెలలు గడిచి ఉండొచ్చు. వాళ్ల బొమ్మలను గది మూల పెట్టి, రోజుకు కొంచెం జరుపుకుంటూ జనవరి 6కు పాక దగ్గరికి తేవడం పిల్లలకు ఇష్టమైన పని.

పాకను జనవరి మొదటివారంలో, ఎంత ఆలస్యమైనా సంక్రాంతి లోపు ఎత్తేస్తారు. పసివాడి లెక్క అప్పటికి పూర్తికాదు. డిసెంబరు 25 నుంచి ఎనిమిదో రోజు జనవరి 1. సున్నతి చేసి యేసు అని పేరు పెట్టిన రోజుగా లూకా చెప్పేది అదే ఎనిమిదో రోజు, డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్‌నైట్ ఆరాధన హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. నలభయ్యో రోజు ఫిబ్రవరి 2. లేవీయకాండం 12వ అధ్యాయం ప్రకారం మగబిడ్డను కన్న తల్లికి ఏడు రోజులు, ఆపైన ముప్ఫైమూడు రోజులు శుద్ధి కాలం. అది తీరాక ఏడాది గొర్రెపిల్లను, ఒక పావురాన్నో గువ్వనో అర్పించాలి. గొర్రెపిల్లను కొనే తాహతు లేకపోతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో సరిపోతాయి. మరియ, యోసేపుల అర్పణ సంగతి చెబుతూ లూకా 24వ వచనంలో ఈ రెండో జాబితానే రాశాడు. కాథలిక్ గుళ్లలో ఫిబ్రవరి 2న ఈ భాగం చదువుతారు. అలాంటి పండగ లేని సంఘాలవాళ్లు కూడా ఫిబ్రవరి మొదటి ఆదివారం సండే స్కూల్లో లూకా 2వ అధ్యాయం 21 నుంచి 24 వరకు చదివించి, గొర్రెపిల్ల ఎందుకు లేదని పిల్లలనే అడగొచ్చు.